సీసం పాషా

రష్యాకీ టర్కీకీ వందేళ్ళ కిందట జరిగిన యుద్ధాన్ని మేము ప్రతి ఆదివారం కంచరపాలెంలో, రైలు పట్టాల వెనకున్న నా అద్దెగదిలో, బల్ల మీద ఆడుకుంటాం. నవ్వితే నవ్వండి. పెళ్ళికాని ఇద్దరు మగాళ్ళకి ఈ పంతొమ్మిదివందల ఎనభై అయిదులో ఇంతకంటే చవకైన కాలక్షేపం నాకైతే కనబడలేదు.

స్టీల్‌ప్లాంటు డ్రాయింగ్ ఆఫీసులో నాతో పనిచేసిన రష్యన్ ఇంజనీరొకాయన తిరిగి వెళ్ళిపోతూ వేలెడంత తగరపు సైనికుల్ని, ఆట రూల్సు కాగితాన్ని నాకిచ్చాడు. అందరూ రష్యావాళ్ళే. అవతలి పక్షం లేకుండా యుద్ధమేమిటి? పోర్టు వర్క్‌షాపులో మోల్డరుగా చేసే గవర్రాజు ఆ లోటు తీర్చాడు. ఇసకలో అచ్చు తీసి, సీసం కరిగించి, పన్నెండు మంది టర్కీ సిపాయిల్ని, వాళ్ళ సేనాని, గడ్డం ఉన్న పాషానొకణ్ణి పోతపోశాడు.

"సీసం ఎక్కడిదోయ్?" అన్నాను.

"జాలరిపేటలో బావా. ఓ గుడిసె ముందర వలొకటి నెలల తరబడి అలాగే ఉంది. ఎవులూ ముట్టుకోడం నేదు. పదమూడు గుళ్ళు కోసి తెచ్చీసినాను."

వల నీళ్ళలో మునగడానికి అంచున కట్టే సీసపు గుళ్ళు అవి. ఒక్కో గుండుకి ఒక్కో బొమ్మ. గవర్రాజుది మెట్ట ఊరు. వాడని వలంటే వదిలేసిన వలే అనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను.

ఎప్పుడూ టర్కీ పక్షం వాడిదే, గెలుపూ వాడిదే. గెలిచి ఊరుకుంటాడా, "ఏటి బావా, మీ జారు చక్రవర్తికి జొరమొచ్చిందా?" అని వారమంతా దెప్పుతాడు. నాకు ఒళ్ళు మండిపోయేది.

నిన్న ఆదివారం మధ్యాహ్నం తుపాను పట్టింది. ఉన్న ఒక్క కిటికీకీ చెక్కలు పెట్టి మేకులు కొట్టేశాం. తలుపు గడియ వేసి, లాంతరు వెలిగించి, బల్ల మీద ప్లెవ్నా కోట కట్టాం. పాషాని నెలల తరబడి రష్యావాళ్ళు చుట్టుముట్టిన కోట అది. రూలు ఒకటే. చుట్టూ వలయం పూర్తయితే, లోపలివాళ్ళు బయటపడడానికి పాచిక మీద ఆరు పడాలి.

మొదటిసారిగా నా వలయం పూర్తయింది.

గవర్రాజు గ్లాసులో పాచిక గలగల్లాడించి వేశాడు. రెండు. మళ్ళీ వేశాడు. ఒకటి. ఇరవైసార్లు వేసినా ఆరు పడలేదు. నా సంతోషం ఇంతా అంతా కాదు.

అప్పుడు వచ్చింది పచ్చిచేపల వాసన. తలుపు కిందనుంచి నీళ్ళు... వాన నీళ్ళే అనుకున్నాను. గవర్రాజు వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాడు.

"ఉప్పు, బావా."

సముద్రం మా వీధికి మైళ్ళ దూరం.

గడియ తీశాం. తలుపు రాలేదు. ఇద్దరం కలిసి లాగాం. అవతల ఎవరో పట్టుకున్నట్టు లాగినకొద్దీ బిగుస్తోంది. అరిచాం. ఆ గాలిలో మా గొంతు మాకే వినబడలేదు. నీళ్ళు మోకాళ్ళు దాటాయి. గవర్రాజు లాంతరు ఎత్తి బల్ల వైపు చూపించాడు. నా రష్యావాళ్ళు పొడిగా ఉన్నారు. కోటలో ఉన్న పదమూడు మందీ తడిసి కారుతున్నారు.

"దారి వొగ్గీ బావా..." అని గుసగుసలాడాడు. "ఆళ్ళని బయటికి పోనీ."

"గెలిచే ఆట..."

"సచ్చిపోతాం బావా!"

చెప్పడానికి సిగ్గుగా ఉంది. అప్పటికీ ఒక్క క్షణం ఆలోచించాను. తర్వాత నలుగురు సైనికుల్ని పక్కకి తోశాను. తలుపు దానంతటదే తెరుచుకుంది. నీళ్ళు లాగేసుకున్నాయి. వీధిలో చూస్తే అరికాలు మునిగేంత నీరు కూడా లేదు.

గవర్రాజు సీసం బొమ్మల్ని మూటగట్టాడు. పాషా కనబడలేదు. మంచం కింద కూడా వెతికాడు. నేనూ వెతుకుతున్నట్టు వంగాను. పాషా నా జేబులో ఉన్నాడు. జన్మకి ఒక్కసారి గెలవబోయాను, గుర్తుగా ఒక్కటైనా ఉండొద్దూ?

ఈ పొద్దున జాలరిపేట వెళ్ళాం. ఆ గుడిసె గంగాలమ్మ అనే ఆవిడది. బొమ్మల మూట ఆవిడ చేతిలో పెట్టాం.

"మాయన వల బాబూ. పడవ పోయింది, వలొక్కటే ఒడ్డుకొచ్చినాది. ఇప్పకుండా ఉంచితే దాన్నట్టుకునే వొత్తాడని మాయత్త సెప్పింది."

టోపీలతో సహా బొమ్మల్ని ఒక్కొక్కటే వల అంచుకి కట్టింది.

"ఒకటి తక్కువుంది."

గవర్రాజు నా వైపు చూశాడు. నేను ఇసక వైపు చూశాను.

"పోనీలే బాబూ," అంది ఆవిడ తాపీగా. "అదెక్కడుంటే అక్కడికే వొత్తాడు."

నా చెయ్యి జేబులో పాషా మీదికి పోయింది. అయినా అప్పుడే జేబులోంచి తీసివ్వడానికి మొహం చెల్లలేదు. రేపు ఇచ్చేద్దామనుకున్నాను.

ఇప్పుడు సాయంత్రం అయిదు, గదిలో ఒక్కణ్ణే ఉన్నాను. తుపాను వెలిసింది. చెక్కల సందుల్లోంచి ఎండ కనబడుతోంది. బల్ల మీద పెట్టిన పాషా తడిసి ఉన్నాడు. తలుపు రావడం లేదు. మంచం ఎక్కి ఇది రాస్తున్నాను, నీళ్ళు మంచం పట్టెల దాకా వచ్చాయి. తెరుద్దామంటే ఈసారి వలయం నాది కాదు, లోపల చిక్కినవాణ్ణి నేను. పోనీ ఆరు వేద్దామని గ్లాసు తీసి చూశాను. అందులో పాచిక లేదు.

తలుపు అవతల ఎవరో నా వంతు పాచిక గలగల్లాడిస్తున్నారు...

వేశారు.

కాసేపు చప్పుడు లేదు. మళ్ళీ ఏరుకుని గలగల్లాడిస్తున్నారు. ఆరు పడలేదు.