బొమ్మలోని కిటికీ

పొద్దున పదిన్నరకు చలికొండల మీది ఎల్ ఆల్తో ఊళ్లో ఎవరి సాల్తేన్యా, అంటే మాంసం పులుసు కూరిన కజ్జికాయ, వాళ్లు తింటూ ఉంటారు. ఆ వేళ ఒకరి గుమ్మం తొక్కారంటే ప్రాణం మీదికొచ్చిందనే అర్థం. ప్రైవేట్ డిటెక్టివ్ దోన్యా నికోలాసా సుర్కో, లోపలి పులుసు పావడా మీద కారకుండా ఒడుపుగా పీల్చుకుంటుండగా, తలుపు తోసుకుని ఒకమ్మాయి వచ్చింది.

"నా పేరు మారిబెల్ కిస్బెర్ట్. కంపెనీలకు బొమ్మల వీడియోలు చేస్తాను. నావల్ల ఒక పెద్దాయన చచ్చిపోయాడంటున్నారు."

అసిస్టెంట్ వాల్దో కుర్చీ లాగి కోకా ఆకుల టీ పోయసాగాడు. ఆరేళ్లుగా దోన్యా, అంటే అమ్మగారి, దగ్గరే ఉన్నాడు. ఆమె కంటికి ఆననిది ఈ ఊళ్లో ఏదీ లేదని అతని గట్టి నమ్మకం.

మారిబెల్ చెప్పింది ఇదీ. దోన్ గొన్సాలో కంపెనీ గ్యాస్ హీటర్లు అమ్ముతుంది. కొన్నవాళ్లెవరూ కాగితం చదవడంలేదని, వాడే పద్ధతిని బొమ్మల వీడియోగా చేయించి అందరి ఫోన్లకూ పంపింది. అందులో ఒక అవ్వ, ఆమె ఒళ్లో పసిపాప, పక్కన హీటర్. వెలిగించే ముందు కిటికీ జానెడు తెరవాలి, లేకపోతే విషగాలి పేరుకుంటుంది. మారిబెల్ తెరిచిన కిటికీనే గీసింది. ఫోన్లకు వెళ్లిన వీడియోలో మాత్రం కిటికీ మూసి ఉంది. పోయిన గురువారం ఒక ఇంట్లో అచ్చం అలాగే చేశారు. తల్లీ బిడ్డా ఆస్పత్రిలో కోలుకుంటున్నారు. తాత ఫోర్తునాతో నిద్రలోనే పోయాడు.

"నేనిచ్చిందే పంపామంటోంది కంపెనీ. సోమవారం ప్రాసిక్యూటర్ ముందుకు రమ్మన్నారు" అంది మారిబెల్. "జైలంటే భయమే దోన్యా. కానీ అందరూ అంటుంటే, ఆ కిటికీ నేనే మూశానేమోనని నాకే అనుమానమొస్తోంది. నిద్ర పట్టడంలేదు."

"నువ్వు చేసిన అసలుది ఎక్కడుంది?"

"కంపెనీ కంప్యూటర్లో ఉండేది, చెరిపేశారు. ముందు ఒక్కరోజు వాళ్ల పేజీలో కూడా పెట్టారు. ఇప్పుడేమో అసలు పెట్టనే లేదంటున్నారు. ఆ రోజు చూసినవాళ్లు ఒక్కరు దొరికినా చాలు, దోన్యా. ఒక్కరు!"

వాల్దో చేతిలో కెటిల్ క్షణంపాటు ఆగింది. ఆ రోజు ఆ వీడియో అతను చూశాడు. చూసి ఊరుకోకుండా కింద ఒక ముక్క రాశాడు కూడా. ఆ ముక్క గుర్తొచ్చి మళ్లీ టీ పోయసాగాడు. తర్వాత చెబుదాంలే అనుకున్నాడు. తప్పు చేసినవాడికి "తర్వాత" అన్నంత తియ్యని మాట మరొకటి లేదు.

దోన్యా ఆ వీడియోను ఫోనులో మూడుసార్లు చూసింది.

"ఏం కనపడింది నాయనా?"

"ఆకుపచ్చ రెక్కల కిటికీ. మూసుంది."

"అది ఊరందరికీ కనపడింది. కర్టెన్ చూడు."

మూసిన కిటికీ పక్కన కర్టెన్ గాలికి రెపరెపలాడుతోంది.

"ఇప్పుడు అవ్వ నోరు చూడు."

'హీటర్ వెలిగించే ముందు' అన్నాక అవ్వ పెదవులు ఇంకా కదులుతున్నాయి. మాట మాత్రం లేదు.

"గీసే చెయ్యయితే కర్టెన్‌ను ఆపేది, అవ్వ నోరూ మూసేది" అంది దోన్యా. "ఇదెవరో గీయడం రానివాళ్ల పని. మూసిన కిటికీ బొమ్మొకటి తెచ్చి పైన అతికించి, అవ్వ మాట కత్తిరించారు. అమ్మాయ్, టీ తాగు. నువ్వు మూయలేదు."

మారిబెల్ ఏడ్చేసింది. వాల్దో కప్పులు సర్దే నెపంతో వెనక్కి తిరిగాడు. ఇప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

అవ్వకు గొంతిచ్చింది సంతలో వేడివేడి మొక్కజొన్న పానీయం అపి అమ్మే దోన్యా కసిల్దా. అడగ్గానే గరిటె వదిలేసి అందుకుంది.

"ఏమన్నానా? 'కిటికీ జానెడు తెరవండి పిల్లలూ, చలికి ముక్కు కారుతుంది, విషగాలికి ప్రాణం పోతుంది' అన్నాను. ఎంత బాగా అన్నాను! ఆ ముక్కే పీకేశారు. వాళ్ల నోట్లో మన్నుపడ! మొదటిరోజు జనం కింద ఏమేం రాశారో మా మనవరాలు ఫోటోలు తీసింది. నా గొంతును మెచ్చుకుంటారని ఆశపడ్డానమ్మా. ఒక్కడూ మెచ్చుకోలేదు!"

ఆ ఫోటోలను దోన్యా తన ఫోనులోకి పంపించుకుని చాలాసేపు చూసింది. వాల్దో చెయ్యి చాచాడు.

"నేను చూశాన్లే" అని ఆమె ఫోను పావడా జేబులో వేసుకుంది.

మర్నాడు శనివారం మధ్యాహ్నం, హీటర్ల షాపులో అందరూ కూడారు. యజమాని దోన్ గొన్సాలో, అమ్మకాలు చూసే రుబేన్ అలియాగా, మారిబెల్, అపి కుండ వదిలొచ్చిన కసిల్దా. దోన్యా టోపీ తీసి బల్లమీద పెట్టింది.

"గోడమీది క్యాలెండర్ చూడండి. ఆకుపచ్చ రెక్కల కిటికీ. వీడియోలో అతికించింది ఇదే. ఈ క్యాలెండర్ చేయించిందెవరు, దోన్ గొన్సాలో?"

"రుబేన్. నేనప్పుడు వేరే ఊళ్లో, సాంతా క్రూస్‌లో ఉన్నాను. వీడియో పంపిందీ తనే."

"నాకేం పట్టింది మూయడానికి?" అన్నాడు రుబేన్.

"భయం పట్టింది. పసిదాని దగ్గర కిటికీ తెరిస్తే ఈ ఊళ్లో ఏ అమ్మ ఊరుకుంటుంది? మొదటిరోజు వీడియో కింద నలభై ఒక్క మంది రాశారు. 'పాపకు గాలి కొడుతోంది!' 'ఇది అవ్వా, రాక్షసా?' 'మీ దగ్గర హీటర్ కొననే కొనం.' నువ్వు బెదిరిపోయి కిటికీ మూశావు. మనిషి పోయాక అసలుది చెరిపేసి, ఈ పిల్లమీదికి తోశావు."

రుబేన్ పగలబడి నవ్వబోయాడు గానీ నవ్వు సగంలోనే తెగింది. "ఫోటోలా! ఎవరైనా తయారుచేస్తారు. పేజీలో మేం ఏదీ పెట్టలేదు. రాశారంటున్నారుగా, రాసిన మనిషిని ఒక్కణ్ణి తెచ్చి నిలబెట్టండి!"

దోన్యా ఫోను తీసి టోపీ పక్కన పెట్టింది.

"రెండోదాన్నుంచి చదివాను" అంది. "మొదటిది చదవాల్సింది నేను కాదు."

వాల్దోకు అర్థమైంది. మారిబెల్ వైపు చూడకుండా లేచి నిలబడ్డాడు.

"నేనే రాశాను. కిటికీ తెరిచే ఉంది, ఈ కళ్లతో చూశాను. 'ఆ కిటికీ మూయండయ్యా, పాపం పసిదానికి గాలి! ఈ అవ్వకు బుద్ధుందా?' అని రాశాను. టిఫిన్ తింటూ, నవ్వుకుంటూ రాశాను. మిగతా నలభై మంది నా తర్వాతే రాశారు. సోమవారం ప్రాసిక్యూటర్ ముందు కూడా ఇదే చెబుతాను."

రుబేన్ కూలబడ్డాడు. "మా అమ్మ కూడా అదే అంది... పాపను చంపుతార్రా అని..."

"కిటికీ మూసినప్పుడు నువ్వు తెలివితక్కువవాడివి, రుబేన్ బాబూ" అంది దోన్యా. "నేరస్థుడివైంది ఆ తర్వాత."

దోన్ గొన్సాలో తలెత్తలేదు. పంపేముందు తనూ ఆ వీడియో చూడలేదని గొణిగాడు.

మారిబెల్ వాల్దో దగ్గరికొచ్చింది. "నిన్న టీ పోస్తున్నప్పుడే చెప్పొచ్చుగా" అంది. కోప్పడి ఉంటే బాగుండేది. మామూలుగా అడిగింది.

బయటికొచ్చాక వాల్దో అడిగాడు. "మీకు ఎప్పుడు తెలిసింది, దోన్యా?"

"కెటిల్ ఆగినప్పుడు."

"మరి అడగలేదేం?"

"అడిగితే నువ్వు చెప్పినట్టు కాదు, నేను చెప్పించినట్టు అవుతుంది." ఆమె టోపీ సర్దుకుని మినీబస్సు వైపు నడిచింది. రోజూలా సంచీ మోయమని అతనికివ్వలేదు.

వాల్దో ఇంటికెళ్లేసరికి హీటర్ వెలుగుతోంది. అక్క కూతురు మూడు దుప్పట్లలో నిద్రపోతోంది. కిటికీ బిగించి, సందుల్లో గుడ్డలు కుక్కి ఉన్నాయి. వాల్దో గుడ్డలు పీకి కిటికీ జానెడు తెరిచాడు.

"గాలిరా! పాపకు గాలి!" అమ్మ పరుగున వచ్చింది. "నీకు బుద్ధుందా?"

"లేదమ్మా" అన్నాడు. అమ్మ కిటికీ రెక్క తోసింది. అతను సందులో చెయ్యి పెట్టాడు. వేళ్లు నలిగినా తీయలేదు.