గుర్తు లేని గుడ్డు

పొద్దున్నే గిన్నెలో గుడ్లు వేసే ముందు వాటి మీద పెన్సిలుతో గుర్తులు పెట్టడం అత్తగారి అలవాటు. భర్త వడ్రంగి కావడంతో ఆ ఇంట్లో పెన్సిళ్లకు కొదవ లేదు. సున్నా ఆయనది. నిలువు గీత కొడుకుది. ఆయనకు సొన రాయిలా గట్టిపడాలి, కొడుక్కి మధ్యలో కాస్త మెత్తగా ఉండాలి. అందుకని అన్నీ ఒకే గిన్నెలో ఉడికినా, ఒక్కోదాన్ని ఒక్కో వేళకు గరిటెతో పైకి తీస్తుంది. ఆవిడకు చదువు రాదు. చిన్నప్పుడు కొడుకు పుల్లలా ఉండేవాడని గీత పెట్టింది. మరి సున్నా ఎందుకంటే భర్త నెత్తి వంక చూసి నవ్వుతుంది.

కోడలికి గుర్తు లేదు. పెళ్లయి నాలుగేళ్లయినా ఆ గిన్నెలో ఆమె వాటాకు గుడ్డు పడలేదు. పొద్దున కాస్త టీ తాగి, డబ్బా సర్దుకుని, కళ్లద్దాల దుకాణంలో ఉద్యోగానికి బస్సెక్కేస్తుంది. అత్తగారు అందరూ వెళ్లాకే తింటుంది.

ఇప్పుడు అద్దం పక్కన మేకుకి ఒక కొత్త తాళంచెవి వేలాడుతోంది. నాలుగు వీధుల అవతల కొడుకు ఒక వాటా అద్దెకు మాట్లాడాడు. వచ్చే వారం సామాను కదులుతుంది. ఎందుకు వెళ్తున్నారని ఆవిడ అడగలేదు, ఎందుకో కోడలు చెప్పలేదు. ఆవిడ రోజూ ఆ మేకు కింద ఊడుస్తుంది గాని, తల ఎత్తి దాన్ని చూడదు.

ఆ ఆదివారం గుడ్లు ఇంకా పొయ్యి మీదే ఉండగా, మెడలో గుర్తింపు కార్డుతో ఒక అమ్మాయి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నమస్తే అండీ. సర్వే కోసం వచ్చాను. దేశం మొత్తం మీద ఎవరు ఎన్ని గుడ్లు తింటున్నారో కనుక్కుంటున్నాం."

"గుడ్లా?" అంది అత్తగారు గరిటె చేత్తోనే బయటికి వచ్చి. "జనం తినే గుడ్లు లెక్కపెట్టడానికి కూడా మనుషుల్ని పెట్టారూ?"

"ఇంట్లో ఎన్ని తింటారు, బయట ఎన్ని తింటారు, ఉడకబెట్టినవా, ఆమ్లెట్టా... అన్నీ అడగాలి పెద్దమ్మగారూ. ఇంటింటికీ తిరగలేం కదా, కొన్ని ఇళ్లు ఎంచుతారు. మీ ఇల్లు వెయ్యి ఇళ్లకి లెక్క."

వరండాలో కూర్చుని తలుపు చెక్క చిత్రిక పడుతున్న మామగారు చెయ్యి ఆపాడు. "విన్నావుటే? ఇక నుంచి నేను తుమ్మితే వెయ్యిమంది తుమ్మినట్టు."

"మీరు తుమ్మితే ఆ వెయ్యిళ్లూ ఎగిరిపోతాయి, పని చూసుకోండి," అని ఆవిడ కుర్చీ లాగి వేసింది. "కూర్చో తల్లీ. రాసుకో. ఆయన రోజుకొకటి. మావాడు రోజుకొకటి, సెలవునాడు రెండు. కోడలు తినదు."

"అసలు తినరా?"

"ముట్టదు."

"వెయ్యిమంది కోడళ్లు గుడ్డు ముట్టరన్నమాట. కోళ్లకి మంచి కబురే," అన్నాడు మామగారు.

సర్వే అమ్మాయి నవ్వి, ఒళ్లో ఉన్న ట్యాబు మీద వేలు ఆపింది. "ఈసారి ఎవరి సంగతి వాళ్లే చెప్పాలండీ. క్రితంసారి తలుపు తీసినవాళ్లే అందరి తరఫునా చెప్పేస్తే లెక్కలు తేడా వచ్చాయట. కోడలుగారు ఉన్నారా?"

కోడలు గుమ్మం పక్కనే ఉంది. తలకు తువ్వాలు చుట్టుకుని, అంతా వింటూనే ఉంది. ముందుకు వచ్చి నిలబడింది. ఆమె వెనక మంచం మీద పేపరు చదువుతున్న భర్త పేపరు కాస్త దించాడు.

"వారానికి ఎన్ని తింటారండీ?"

తిననని ఒక్క మాట అంటే అక్కడితో అయిపోయేది. కాని రోజంతా దుకాణంలో ఆమె చేసే పని, జనాన్ని అక్షరాల పలక ముందు కూర్చోబెట్టి, ఊహించి చెప్పొద్దు, కనిపించిందే చెప్పమని అడగడం. లేనిది చెబితే తప్పుడు అద్దాలు పడతాయి.

"నాలుగు. ఒక్కోసారి ఐదు," అంది.

చిత్రిక మళ్లీ ఆగింది.

"ఇంట్లోనా, బయటా?"

"బయట. మా బస్టాపు దగ్గర బండి మీద."

"ఉడకబెట్టినవేనా?"

"ఉడకబెట్టినవే."

అత్తగారు గరిటె కిటికీ గట్టు మీద పెట్టింది. "నాకు తెలుసులే. ఒకసారి మార్కెట్టుకి పోతూ చూశాను. బండి పక్కన నిలబడి పెంకులు ఒలుస్తున్నావు. నన్ను చూసి అటు తిరిగావు. ఆ బండివాడి గుడ్డు పెట్టిన కోడి వేరూ, మన గుడ్డు పెట్టిన కోడి వేరూనా?"

"అమ్మా, ఆ అమ్మాయి ముందు ఇప్పుడు ఇదంతా ఎందుకు?" అన్నాడు కొడుకు లోపల్నించి.

"నువ్వు పేపరు చదువుకో. తాళంచెవి తెచ్చేటప్పుడు నన్నేమైనా అడిగావా?"

సర్వే అమ్మాయి ఇబ్బందిగా కదిలింది. అయినా ఆమె ముందు ప్రశ్న ఉంది, అడగక తప్పదు. "ఇంట్లో తినకపోవడానికి కారణం చెప్పాలండీ. రుచి, ధర, ఆరోగ్యం, ఇంట్లో వండరు, ఇతరం... వీటిలో ఏది నొక్కమంటారు?"

"ఎవరూ పెట్టరు, అని ఉందా?" అంది కోడలు.

"లేదండీ."

"అయితే ఇతరం నొక్కండి."

అత్తగారి ముఖం ఎర్రబడింది. "నేను పెట్టలేదూ? నువ్వు కాపురానికొచ్చిన మర్నాడే పళ్లెంలో పెట్టి చేతికిచ్చాను. ఓ ముక్క తుంచి, ముఖం అదోలా పెట్టి, పక్కకి నెట్టేశావు. నా చేతి వంట నీకు సయించలేదు. సయించనిదాన్ని రోజూ ముందు పెట్టి తినమని దేబిరించాలా?"

"అది పచ్చిగా ఉంది అత్తయ్యా! తుంచగానే సొన పళ్లెమంతా కారింది. మా అమ్మ గట్టిగా ఉడకబెడుతుంది. అలా కారేది చూస్తే నాకు కడుపులో తిప్పుతుంది. వచ్చి ఒక్కరోజు కాలేదు, అందరూ నా ముఖమే చూస్తున్నారు. ఏం చెప్పను?"

"ఇంకాసేపు ఉడకనివ్వమని చెప్పడానికి నోరు లేదా?"

"ఎవరితో చెప్పను? మామయ్య గుడ్డు మీద సున్నా ఉంది. ఈయన గుడ్డు మీద గీత ఉంది. నాకిచ్చినదాని మీద ఏమీ లేదు. ఎవరికి ఎంత ఉడకాలో మీకు తెలుసు. నాకెలా కావాలో అడగాలని కూడా మీకు తోచలేదు. ఏదో మిగిలినది ఇచ్చారనుకున్నాను. మర్నాటి నుంచి అదీ లేదు. ఈ ఇంట్లో నాకు గుర్తు లేదని అప్పుడే అర్థమైంది. అందుకే గుర్తున్న చోటికి పోదామని ఈయన్ని అడిగాను."

వంటింట్లో గిన్నె మూత టకటకా కొట్టుకుంటోంది. వేళ దాటిపోయినా గుడ్లు తీయడం ఆవిడకు గుర్తు రాలేదు.

సర్వే అమ్మాయి ఎటు చూడాలో తెలియక ట్యాబులోకి చూసింది. అక్కడ ఒక గడి ఖాళీగా ఉంది.

"పెద్దమ్మగారూ," అంది మెల్లగా, "అందరివీ చెప్పారు. మీది చెప్పలేదు."

"నాదా?" అంది ఆవిడ, తననీ లెక్కలో వేస్తారని అప్పుడే తెలిసినట్టు. "నేనూ తింటాను. రోజుకొకటి."

"ఎలా తింటారండీ?"

"పలచగా. సొన కారేట్టుంటేనే నాకిష్టం. అన్నిటికంటే ముందు తీసేస్తాను." ఆవిడ కోడలి వైపు చూడకుండానే చెప్పింది. "గుర్తు లేనిది నాది. వండేది నేనే కదా, నాదానికి గుర్తెందుకు? ఆ రోజు ఇంట్లో గుడ్లు చాల్లేదు. నాది నీకిచ్చాను."

కోడలు తలకున్న తువ్వాలు విప్పి చేతిలో పట్టుకుంది.

"బాగా ఉడికింది ఎవరైనా తింటారు," అంది అత్తగారు ఇంకాస్త తగ్గి. "పలచటిదే రుచి అనుకున్నాను. రుచైనదే ఇచ్చాననుకున్నాను."

మామగారు చెక్కపొట్టు దులుపుకుంటూ లేచాడు. "నువ్వు తిననంటే మీ అత్తయ్య కూడా తిననంది తల్లీ. ఆ రోజు గుడ్డు ముట్టలేదు, పొద్దుగూకేదాకా నాతో మాట్లాడలేదు. నేనేం చేశానో నాకిప్పటికీ తెలీదు."

సర్వే అమ్మాయి ఇతరం నొక్కింది. దాని కింద రాయడానికి కొంచెం చోటుంది. ఏం రాయాలని ఆమె అడగలేదు. టీ తాగి వెళ్లమని అత్తగారు అంటే, ఇంకా చాలా ఇళ్లున్నాయని చెప్పి చెప్పులేసుకుంది. ఆ రోజు గిన్నెలో గుడ్లన్నీ రాళ్లయ్యాయి. సున్నా ఉన్నదే బాగుందని మామగారు ఒక్కడే తిన్నాడు.

మర్నాడు పొద్దున కోడలు టీ కోసం వంటింట్లోకి వచ్చేసరికి, గట్టు మీద నాలుగు గుడ్లున్నాయి. ఒకదాని మీద సున్నా, ఒకదాని మీద గీత. మిగతా రెండింటి మీదా ఏమీ లేదు. పక్కనే పెన్సిలు ఉంది.

"నీకేం పెట్టాలో నాకు తోచలేదు," అంది అత్తగారు పొయ్యి వెలిగిస్తూ. "నువ్వే పెట్టుకో. అడగలేదంటావు మళ్లీ."

కోడలు ఒక గుడ్డు తీసుకుని రెండు చిన్న సున్నాలు గీసి, మధ్యలో గీతతో కలిపింది. ఆవిడ దాన్ని వెలుగులోకి తిప్పి చూసింది.

"ఇదేంటి, సైకిలా?"

"కళ్లద్దాలు అత్తయ్యా."

"అదే అనుకున్నాలే."

ముందు గుర్తు లేనిది తీసింది. తర్వాత గీత, ఆ తర్వాత సున్నా. అన్నీ తీశాక కూడా కళ్లద్దాల గుడ్డును మరుగుతున్న నీళ్లలోనే ఉంచింది. కోడలు గడియారం చూసుకుంటోంది, అయినా అక్కడే నిలబడింది. చివరికి తీసి పెంకు ఒలిచి ఇస్తే సొన చుట్టూ ఆకుపచ్చ వలయం కట్టింది. కోడలు సగం కొరికింది. అది పొడిపొడిగా రాలి గొంతుకు అడ్డం పడి పొలమారింది.

అత్తగారు మంచినీళ్ల గ్లాసు నోటికందించి, నెత్తి మీద తట్టింది. "నెమ్మదిగా! నేనేమన్నా లాక్కుంటానా?"

"ఎవరో తలుచుకుంటున్నారు," అన్నాడు మామగారు గుమ్మంలోంచి. "ఆ వెయ్యిమంది కోడళ్లై ఉంటారు."

దగ్గుతూనే కోడలికి నవ్వొచ్చింది. నవ్వుతూంటే కళ్లమ్మట నీళ్లు కారాయి. అత్తగారు తన కళ్లు కూడా కొంగుతో ఒత్తుకుని, పొయ్యి పొగ అంది. అది గ్యాసు పొయ్యి. ఆ సంగతి ఎవరూ అనలేదు.

కొడుకు మేకు మీది తాళంచెవి తీసి, ఏం చెయ్యమంటావన్నట్టు భార్య వైపు చూశాడు. ఆమెకు ఇంకా మాట రాలేదు. వెళ్లి ఇచ్చేసి రమ్మని చేత్తో సైగ చేసింది.

"రేపు ఇంకాస్త ముందు తీస్తాను," అంది అత్తగారు. తన పళ్లెం తెచ్చుకుని, అందరూ వెళ్లేదాకా ఆగకుండా కోడలి పక్కనే కూర్చుని, గుర్తు లేని గుడ్డు పెంకు ఒలవడం మొదలుపెట్టింది.