పావు మలుపు గాలి

ఎనభై అడుగుల లోతు! సూర్యకిరణం సైతం అడుగు పెట్టడానికి జంకే నీలాంధకార గర్భం! ఏనాడో మునిగిన ఓడ అస్థిపంజరం పక్కన నిలబడి, క్షుద్రోపాసకుడు నరసింగరావును సముద్రం ఎలా మింగిందో ఈ రెండు కళ్ళతో చూసినవాణ్ణి నేను. నాతో పాటు చూసినవి చేపలు. అవి నోరు తెరుస్తాయి గానీ చెప్పవు. అందుకని నేనే చెబుతున్నాను.

అది ఫాల్గుణ మాసం... కొత్త అమావాస్య... మిట్టమధ్యాహ్నం! దెయ్యాలు అర్ధరాత్రి తిరుగుతాయని పట్నం వాళ్ళు అనుకుంటారు. కళింగపట్నానికి ఉత్తరాన మా పేటలో అవి మండుటెండలో, మనిషి నీడ మనిషి కాళ్ళ కిందే దాక్కునే వేళ తిరుగుతాయి. ఈశాన్యాన కాటుక పులిమినట్టు మేఘం... దాని ఉదరంలో గుడగుడమని ఉరుము... ఒడ్డుకు రెండు మైళ్ళ దూరంలో, మునిగిన ఓడకు సరిగ్గా పైన, ఊగిసలాడుతున్న ఒక మోటారు పడవ! పడవ అంచున ఒక గుడ్లగూబ వాలిందని కూడా రాద్దామనుకున్నాను. పగటిపూట, నడిసంద్రంలో, గుడ్లగూబంటే మీరు పుస్తకం మూసేస్తారని మానుకున్నాను.

పడవలో నలుగురం. నడిపేవాణ్ణి నేను. స్కూబా పని చేసే పృథ్వీరాజ్. మూడు నెలల కిందట ఇదే ఓడ దగ్గర ప్రాణం వదిలిన ధనరాజు భార్య చిన్నతల్లి. ఇక నాలుగోవాడు... ఎర్ర పంచె, నుదుట రూపాయంత కుంకుమ, ఒడిలో పళ్ళికిలిస్తున్న మానవ కపాలం... గరివిడి వైపు నుంచి వచ్చిన నరసింగరావు!

ధనరాజు, పృథ్వీరాజ్ జతగాళ్ళు. వీపుకు గాలి సిలిండర్లు కట్టుకొని, మునిగిన ఓడ చూడవచ్చిన టూరిస్టులను లోపలికి తీసుకెళ్ళి తెచ్చేవారు. దిగే ముందు ఎవరి సిలిండర్ వారు చూసుకోవాలి, జతగాడిదీ చూడాలి అని శిక్షణలో నేర్పుతారట. మా వాళ్ళు అందులో సగమే నేర్చుకున్నారు. ఎందుకంటే మాకు తాతల నాటి పట్టింపు ఒకటుంది. తెప్ప మీద పోయే ఇద్దరిలో ఎవడూ తన నడుంతాడు తాను ముడేసుకోడు. జతగాడే వేయాలి. వేసిన ముడిని తడిమి చూసుకున్నాడా, జతగాడి మొహాన ఉమ్మేసినట్టే! తెప్పలు పోయాయి, సిలిండర్లు వచ్చాయి, పట్టింపు మాత్రం పోలేదు. సిలిండర్ మెడ మీది నాబు తిప్పి, ధనరాజు గాలి పృథ్వీరాజ్ తెరవాలి. పృథ్వీరాజ్ గాలి ధనరాజు తెరవాలి. తెరిచాక ఎవడూ వెనక్కి చెయ్యి పెట్టి చూసుకోకూడదు.

ఆ రోజు టూరిస్టులు లేరు. ఇద్దరే దిగారు. ఒక్కడే ప్రాణంతో వచ్చాడు, రెండోవాణ్ణి శవంగా తెచ్చాడు.

“ఓడలోంచి నల్లగా ఏదో వొచ్చి బావని పట్టేసినాది” అన్నాడు పృథ్వీరాజ్ ఒడ్డు చేరాక.

నాలుగు రోజులకు, ఆ నల్లనిదాన్ని పంపిందెవరన్న ప్రశ్న పుట్టింది. పదో రోజుకు జవాబూ పుట్టింది. చిన్నతల్లి! చిల్లంగి అనే చేతబడి పెట్టి మొగుణ్ణి మింగేసిందట! మా వైపు చిల్లంగి పేరు పడిన ఆడదానికి పళ్ళు రాలగొట్టి ఊరవతలికి నెట్టేదాకా కొందరికి అన్నం సహించదు. ఆమెను అక్క వరసతో ‘అప్పా’ అని పిలిచే పృథ్వీరాజ్ అంతా విన్నాడు. కాదని అనలేదు.

కానీ వాడికి నీళ్ళలో నిలువు లేకుండా పోయింది. దిగినప్పుడల్లా వెనకనుంచి టక్... టక్... టక్! ఆపదలో ఉన్నవాడు సిలిండర్ మీద కత్తి పిడితో కొట్టి జతగాణ్ణి పిలిచే చప్పుడు! తిరిగి చూస్తే ఎవరూ ఉండరు... ఇక తట్టుకోలేక నరసింగరావు కాళ్ళ మీద పడ్డాడు.

నరసింగరావు తీర్పు ఇచ్చాడు. అమావాస్య మధ్యాహ్నం, ఓడకు పైన, ధనరాజు ప్రేతాన్ని కపాలంలో బంధించాలి. కపాలానికి రాయి కట్టి, ‘పో’ అంటూ పెళ్ళామే తన చేత్తో సముద్రంలో వదలాలి. వదిలితే చిన్నతల్లి బతుకుతుంది. వదలకపోతే చిల్లంగి ఆమెదే! ఒడ్డున పేటంతా కర్రలు పట్టుకొని ఆ తీర్పు కోసం ఎదురుచూస్తోంది.

హోమగుండం లేదు గనుక మట్టిమూకుడులో నిప్పులు... నిప్పుల మీద గుగ్గిలం... నల్లకోడి రక్తంతో తడిసిన కపాలం! బీజాక్షరాలు ఉచ్చరిస్తున్న ఆ భీకర కంఠధ్వనికి అలలు కూడా ఒక్కక్షణం వెనకడుగు వేశాయి!

“బాబూ, గాలి మారతన్నాది, తొరగా కానీయండి” అన్నాను నేను.

“సవుద్రం నా బంట్రోతురా ముసిలోడా! కూకోమంటే కూకుంటాది!” అని గర్జించి, ఎర్రతాడుతో రాయి కట్టిన కపాలాన్ని చిన్నతల్లి చేతికి ఇవ్వబోయాడు. “వొదులే! పో అని సెప్పు!”

ఆమె చెయ్యి చాపలేదు.

ఉరుము! దిక్కులు పిక్కటిల్లే ఉరుము! చిన్నతల్లి కొప్పు విడిపోయింది... కేశపాశం కాలసర్పాల్లా గాలిలో లేచింది... కనుగుడ్లు తెల్లబడ్డాయి... ఆ పలుచని ఆడగొంతులోంచి వెలువడింది ధనరాజు గొంతు!

“పృథ్వీ... నా గాలి ఎవుడు తెరిసినాడ్రా? నిండా తెరిసిన నాబు పావు మలుపుకే మూసుకుంటాదేటి? టక్ టక్ మని కొట్టుంటాడు గదరా... నీకు ఇనిపించనేదేటి?”

చప్పుడు కొట్టినవాడు ‘కొట్టుంటాడు’ అంటాడా అని మీకు అనుమానం రావచ్చు. దాన్ని కాసేపు పక్కన పెట్టండి. వాల్వు పావు మలుపే తెరిచి ఉంటే పడవ మీద ఊపిరి బాగానే ఆడుతుంది. లోతుకు పోయేకొద్దీ ఒక్కో గుక్కకు ఎక్కువ గాలి కావాలి. ఆ చిన్న సందులోంచి అంత రాదు. సిలిండర్ నిండా గాలి ఉండగానే మనిషి ఊపిరందక చచ్చిపోతాడు!

పృథ్వీరాజ్ మొహం నీళ్ళ వైపు తిప్పుకున్నాడు.

“నోరుముయ్యే పిశాచీ! నా అనుమతి నేకుండా వాగుతావా!” నరసింగరావు కపాలాన్ని తల మీదికెత్తి, తానే సముద్రంలోకి విసిరాడు. ఎర్రతాడు బుసకొడుతూ పరుగెత్తింది... దాని చివరి చుట్టు వాడి పాదం చుట్టూ పడి ఉంది. వాడు చూసుకోలేదు! ఒక్క కేక... ఎర్ర పంచె గాలిలో గిరగిరా తిరిగింది... నీళ్ళు నోరు తెరిచి మూసుకున్నాయి!

పడవ అడుగున... టక్... టక్... టక్!

నేను వెంటనే దూకేశాను అని ఇక్కడ రాయాలి. ఎనభై అడుగులు అని మొదట్లో కోతలు కోశాను కదా! అయ్యా, నాకు ఈతే రాదు. నలభై ఏళ్ళు పడవ నడిపినవాడికి ఈత రాదంటే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. చుక్కాని కౌగిలించుకొని కళ్ళు మూసుకున్నాను. మునిగిన ఓడను నేను చూసింది ఒక టూరిస్టు ఫోన్‌లో.

పృథ్వీరాజ్ సిలిండర్ తగిలించుకున్నాడు. తగిలించుకొని ఆగిపోయాడు. వాడి గాలి తెరిచే జతగాడు లేడు.

“ఇటు తిరుగు” అంది చిన్నతల్లి.

వాడు ఆమెకు వీపు చూపాడు. ఆమె చెయ్యి నాబు మీద పడింది. పావు మలుపు చాలు. ఎవరికీ తెలియదు. నేనైతే... సరే, నా సంగతి ఎందుకు?

ఆమె తిప్పింది. పైకి వినపడేలా లెక్కపెడుతూ, తెరిచే వైపు, ఇక తిరగనని నాబు మొరాయించేదాకా తిప్పింది.

“సెయ్యెట్టి సూసుకో.”

“అప్పా, నాను సూసుకోను... నువ్వు తెరిసినాక...”

“సూసుకోమన్నాను!”

వాడు వెనక్కి చెయ్యి పెట్టి చూసుకున్నాడు. మా పేటలో అలా చూసుకున్న మొదటివాడు వాడే. చూసుకొని దూకాడు.

పైకి వచ్చినప్పుడు వాడి పిడికిట్లో తెగిన ఎర్రతాడు ముక్క మాత్రమే ఉంది. మనిషి లేడు. మంత్రాలు లేవు. బంట్రోతని పిలిచినవాణ్ణి సముద్రం చప్పరించకుండానే మింగేసింది! మూడో రోజు ఎర్ర పంచె ఒక్కటే ఒడ్డుకు కొట్టుకొచ్చింది.

ఆ రోజు మా పడవ ఒడ్డు చేరగానే కర్రలు లేచాయి. “పో అన్నాదేటి? ఒగ్గీసినాదేటి?” అని కేకలు. పడవలోంచి ముందు దిగినవాణ్ణి నేను. ధనరాజు ఆమె నోట పలికాడనీ, ఏమడిగాడో అదీ అరిచి చెప్పాను. జనం పృథ్వీరాజ్ వైపు తిరిగారు. వాడు ఇసుకలో కూలబడ్డాడు.

“నానే తిప్పినాను... అప్పటికే తెరిసున్నదాన్ని తెరిసే వైపనుకొని మూసేసి, పావు మలుపు ఎనక్కి తిప్పి ఒగ్గినాను. బావ కొట్టినాడు. ఇనిపించినాది. ఓడలో ఇత్తడి గంట దొరికితే, ఒక్క నిమిసం ఆగి ఎల్దామనుకున్నాను...”

కర్రలు దిగాయి. “పొరపాటు ఎవుడికైనా వొస్తాది, నెగురా” అని నలుగురూ వాణ్ణి పట్టి లేపారు. ఒకడు టీ తెచ్చాడు. చిన్నతల్లితో ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆమె పృథ్వీరాజ్ విప్పి పడేసిన సిలిండర్ తీసుకొని, కుళాయి దగ్గర మంచినీళ్ళతో ఉప్పు కడుగుతూ కూర్చుంది.

ఇంత చెప్పాక ఒక అబద్ధం ఒప్పుకోవాలి. పూనకం నా కల్పన. కొప్పు విడిపోలేదు, కళ్ళు తెల్లబడలేదు, ధనరాజు గొంతు రాలేదు. శవంతో వచ్చిన సిలిండర్‌ను అలవాటు ప్రకారం కడిగి మూయబోయింది ఆమే. నాబు పావు మలుపుకే మూసుకుపోయింది, అంటే అంతే తెరిచి ఉంది. మూడు నెలలు ఆ సంగతి పేటలో ప్రతి గుమ్మం ముందూ చెప్పింది. నా గుమ్మం ముందు కూడా. పడవలో అడిగిందీ తన గొంతుతోనే, మెల్లగా.

ఆమె అడిగితే వాడు జవాబు చెప్పలేదు. చచ్చినవాడు అడిగాడని నేను అబద్ధమాడాకే చెప్పాడు.