దుప్పటి చాటు బీరపాదు

అంగారకుడి మీద గాజు గుడారంలో ప్రతి వంటింటికీ ఒక బీరపాదు ఉండేది. కూరకు కాయ, పీల్చుకోను గాలి, రెండూ అదే ఇచ్చేది మరి. అలాంటి పాదులకు ఆ ఏడు బూడిద తెగులు పట్టుకుంది. ఆకు మీద తెల్లటి పొడి కనిపించిందంటే వారం తిరక్కుండా తీగ మాడిపోయేది.

దానికోసం వకుళ ఒక యంత్రం కట్టింది. తెగులు మీద పడితే మొక్క చూస్తూ ఊరుకోదు. తన కణాల్లోంచి కంటికి ఆనని బుల్లి సంచులు బయటికి తోస్తుంది. వాటి నిండా తెగులును చంపే ప్రొటీన్లు. శాస్త్రజ్ఞులు వెసికిల్స్ అంటారు, వకుళ కణపొట్లాలు అంది. తెగులును గెలిచిన పాదు ఒక్కటి దొరికితే చాలు, దాని పసరులోంచి ఆ పొట్లాలు ఏరి, పాలకు తోడు వేసినట్టు మిగతా పాదులన్నిటికీ ఎక్కిస్తుంది యంత్రం. కాకపోతే ఆ సూది తెగులున్న తీగలో దిగితే తెగులే ఇల్లిల్లూ తిరుగుతుంది. అందుకని ముందు ఇంటివాళ్ళను అడుగుతుంది. బాగుందంటేనే సూది దించుతుంది.

ఆ సాయంత్రానికి అందర్నీ అడగడం అయింది.

"బాగున్న పాదు ఒక్కటీ లేదు," అంది యంత్రం. "చీకటి పడేలోపు అన్నీ పీకి కాల్చాలి."

వకుళతో పనిచేసే గవర్రాజు చతికిలబడ్డాడు. "కాల్చేస్తే పీల్చేదేంటండి? సిలిండర్లు పిల్లలకే చాలవు."

"పక్కింటి మంగతాయారు పిన్ని ఏమంది?"

"మా పాదుకేం బాగు నాయనా, రేపో మాపో అన్నట్టుంది అన్నారండి."

"నిన్న కాయలు పంపిందిగా?"

"నాకూ పంపారండి. పచ్చడి బాగా కుదిరింది."

వకుళ అతని వంక చూసింది. "మరి మీ ఇంట్లో?"

గవర్రాజు తల దించుకున్నాడు. "మా ఆవిడ చీర కప్పిందండి. బాగుందంటే దిష్టి తగులుద్దంట."

"చదువుకున్నవాడివి, నువ్వు కూడానా?"

"తమరేం చెప్పారండి?"

వకుళ చూపు తన ఇంటి వైపు మళ్ళింది. చీరల చాటునున్న ఆ పాదులకు తెగులు ఇంకా తగల్లేదు, అంతే. తగిలి, పొడి దులుపుకుని, పచ్చగా నిగనిగలాడుతున్నది ఒక్కటే. అది తన వంటింట్లో, దుప్పటి చాటున ఉంది. యంత్రం అడిగినప్పుడు తన నోటి వెంట వచ్చింది, "ఏదో, ఉందంటే ఉంది" అన్న మాటే. ఎవరో ఒకరు బాగుందంటారులే అనుకుంది.

వీధి చివర యంత్రం ఇనుప చేతులు మొదటి గుమ్మంలోకి దూరాయి. పాదు వేళ్ళతో సహా ఊడొచ్చింది. లోపల ఎవరో బావురుమన్నారు. వకుళ ఇంటికి పరుగెత్తి దుప్పటి లాగి పారేసింది.

"బాగుంది. మా పాదు బాగుంది."

యంత్రం పీకడం ఆపి ఆమె గుమ్మంలోకి వచ్చింది. సూది దిగింది.

గుడారం బతికింది. మిగిలిన పొట్లాలు యంత్రంలోనే నిల్వ ఉంచారు. కానీ ఇంటింటికీ పసరు తోడితోడి వకుళ పాదు మాత్రం ఎండిపోయింది. దిష్టేనని అందరూ అన్నారు. యంత్రం అన్నీ వింది. బాగుందన్న పాదు ఏమైందో చూసింది.

కొన్నాళ్ళకు ఒక ఆకు మీద మళ్ళీ తెల్లటి పొడి. వకుళ యంత్రం దగ్గరికి ఉరికింది. "కణపొట్లాలు ఎంత నిల్వ ఉన్నాయి?"

యంత్రం తన ఇనుప తలుపు మెల్లిగా దగ్గరికి లాక్కుంది.

"ఏం నిల్వలమ్మా. ఏదో, ఉన్నాయంటే ఉన్నాయి."