ఉప్పులోని తల

మధ్యాహ్నపు ఎండ హాయిగా ఉంది. కురోసే కోట ఆవరణలో ఆడవాళ్లు ముల్లంగులు దండలు గుచ్చి ఆరేస్తున్నారు. వసారాలో, ప్రభువు ఆసనం మీద జిన్‌రోకు కూర్చున్నాడు. కవచం భుజాల దగ్గర కాస్త వదులు.

అది ప్రభువు మునెయాసు కవచం. మూడు నెలల కిందట ఆయన యుద్ధంలో పోయాడు. తల లేని మొండెమే కోటకు చేరింది. ఆ సంగతి పొక్కితే సైనికులు చెదిరిపోతారు, ఆ తర్వాత శత్రువులు చంటిబిడ్డనైనా మిగల్చరు. అందుకే ముసలి మంత్రి సకాకి, ముఖం పోలిక చూసి, కొయ్యతొట్లు చేసుకునే జిన్‌రోకును రహస్యంగా తెచ్చి కూర్చోబెట్టాడు. పనిమీద పొరుగూరు పోతున్నానని పెళ్లాం ఓసెన్‌కు చెప్పి వచ్చాడతను.

ఆ రోజు శత్రువుల రాయబారి ఒక కొయ్యతొట్టె మోయించుకొచ్చి, సైనికులందరి ముందు మూత తీశాడు.

ఉప్పు వాసన. దాని అడుగున ఇంకేదో వాసన...

ఉప్పులో తల. కళ్లు మూసుకుని ఉంది. అద్దంలో చూసుకున్నట్టు, అచ్చం జిన్‌రోకు ముఖమే.

"ఇది మీ ప్రభువు తల," అన్నాడు రాయబారి. "మరి ఆ కూర్చున్నాయన ఎవరో?"

సైనికులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.   జిన్‌రోకు కళ్లు మాత్రం పనివాడి అలవాటుగా తొట్టె మీదికి పోయాయి.

"వెదురు కట్టు వదులయ్యా. చూడు, ఎలా కారుతోందో," అన్నాడు నింపాదిగా. "మీ దొర తలకైనా కాస్త మంచిది చేయించమను."

సైనికులు గొల్లున నవ్వారు.

"వేళాకోళాలు తర్వాత," రాయబారి పళ్లు కొరికాడు. "ఈ తల ఎవరిదో చెప్పండి."

"నన్నడుగుతావేం? వాణ్నే అడుగుదాం."

జిన్‌రోకు కరుణాదేవత కన్నోన్ తల్లిని తలుచుకుని తొట్టె మీదికి వంగాడు. "ఎవడ్రా నువ్వు?"

గాలి ఆగింది. ఉప్పు జరజర జారింది...

కళ్లు తెరుచుకున్నాయి.

"జిన్‌రోకును," అంది తల, గుసగుసగా. "తొట్లు చేసుకునేవాణ్ని... ఇంటికి పోతాను."

రాయబారి తొట్టె అక్కడే వదిలేసి పరుగు తీశాడు. కోట నిలిచింది. సైనికులు నేలకు తలలు ఆనించారు. పూజారి మంత్రాలు చదవడానికి వచ్చి చూస్తే, తొట్టెలో ఉప్పు తప్ప ఏమీ లేదు.

"మంచు పడి శత్రువుల దారులు మూసుకుపోయేదాకా ఇలాగే కూర్చోవయ్యా," అని బతిమాలాడు సకాకి.

"కూర్చుంటాను, ఈ కోటలోని పిల్లల కోసం. నా పేరు మాత్రం ఆ చచ్చినవాడికి ఇవ్వను. వాడు ప్రభువైతే నాకేం?"

అప్పుడే, ఈ గుట్టు తెలిసిన వంటామె వగరుస్తూ వచ్చి అతని చెవిలో చెప్పింది.

"ఇప్పుడే కింద వీధిలోంచి వస్తున్నానయ్యా. మీ ఓసెన్ ఎంత సంబరపడుతోందో... 'మా ఆయన ఇంటికొచ్చేశాడు, గంజి తాగుతున్నాడు' అంటోంది. మెడకు చుట్టుకున్న గుడ్డ మాత్రం విప్పనివ్వడట."