మంచులో మూకుడు చప్పుడు

అక్టోబరు వచ్చేసరికి మా దీవులు ఖాళీ అయిపోతాయి. సెలవులకొచ్చిన జనం పడవల్ని ఒడ్డుకెక్కించి, టార్పాలిన్లు కప్పి, స్టాక్‌హోంలో ఉద్యోగాలకి పోతారు. మిగిలేది పడవే ఇల్లయిన మాలాంటి వాళ్లం. ఆ ఏడాది మిగిలింది నేను, నా మొగుడు రూనార్, మా తెరచాప పడవకి తన పడవని ఆనించి కట్టుకున్న గున్నెల్.

గున్నెల్ ఒంటరి మనిషి. రిటైరైన పళ్ల డాక్టరు. నోటికి తాళం లేదు. వేసవిలో ఒక ఒడ్డున సాసేజీలు కాల్చుకుంటుంటే పరిచయమైంది. అప్పట్నుంచి మేం ఎక్కడ లంగరు వేస్తే తనూ అక్కడే. ఒడ్డుకెళ్లి పుట్టగొడుగులు ఏరడం, దీవిలో ఉన్న కొయ్యగదిలో ఆవిరిస్నానం చేయడం, ఒళ్లు కాలగానే కేకలు పెడుతూ సముద్రంలోకి దూకడం. ఇంతే మా బతుకు. నాకు ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు కూడా.

ఆ రోజు మధ్యాహ్నం ఆవిరిగదిలో పొయ్యి రాజేయడానికి రూనార్ తెడ్ల పడవలో దిగాడు. ఫోను చార్జింగులో వదిలేశాడు.

"రాణీగార్లిద్దరూ కూర్చోండి. గది వేడెక్కగానే నౌకరొచ్చి తీసుకెళ్తాడు," అన్నాడు.

"ఏవోయ్ నౌకరూ, తడి కట్టెలు పెట్టకు. పోయినసారి పొగకి నా పళ్లు నల్లబడ్డాయి," అంది గున్నెల్.

"నీకేం, మళ్లీ తోముకో. చదివిందంతా అదేగా!"

నవ్వుకుంటూ పోయాడు. ఒడ్డు చేరి, గది పొగగొట్టంలోంచి పొగ లేవడం కూడా చూశాం. ఆ తర్వాత పొగమంచు దిగింది.

సముద్రం మీద మంచు చీకటిలాంటిది కాదు. తెల్లగానే ఉంటుంది, కానీ ఏమీ కనబడదు. మొదట ఒడ్డు పోయింది. తర్వాత పక్కనే ఉన్న గున్నెల్ పడవ తెరచాప కొయ్య పోయింది. తడి తాడు వాసన, మా పడవలో చల్లారిన పొయ్యి వాసన మిగిలాయి.

మాకొక పద్ధతి ఉంది. మంచు పడితే పడవలో ఉన్నవాళ్లు గరిటెతో మూకుడు కొడుతూ ఉండాలి. ఒడ్డునుంచి వచ్చేవాళ్లు మధ్యమధ్య తెడ్లు ఆపి, విని, చప్పుడు వైపు రావాలి. దారి తప్పితే దీవులు దాటి బయటి సముద్రంలోకి పోతారు. ఆ నెలలో ఆ నీళ్లలో పడ్డ మనిషి ఎంతోసేపు బతకడు. అందుకే ఇనపమూకుడు చేతిలోకి తీసుకుని కొట్టడం మొదలుపెట్టాను.

ఒడ్డునుంచి కేక వినబడింది. "వస్తున్నా!"

తెడ్ల చప్పుడు. దగ్గరకే వస్తోంది. ఇంకెంత దూరంలో ఉన్నాడో తెలుసుకుందామని, వినడానికి ఒక్క క్షణం మూకుడు ఆపాను.

మోత ఆగలేదు.

బయటి సముద్రం వైపునుంచి... ఇంకో మూకుడు. అదే దెబ్బ. అదే విరామం.

"ప్రతిధ్వనేమో," అన్నాను.

"నువ్వు కొట్టడం లేదుగా, హిల్లెవీ," అంది గున్నెల్ గుసగుసగా.

తెడ్లు ఆగాయి. వింటున్నాడు. తర్వాత మళ్లీ పడ్డాయి... అటువైపు.

నేను పిచ్చిదానిలా బాదాను. అటూ అలాగే బాదారు. "రూనార్! ఇటు!" అని గొంతు చించుకున్నాను. మంచు నా కేకని దూదిలా పీల్చేసుకుంది. గున్నెల్ తన పడవలోకి దూకి హారన్ నొక్కింది. అటునుంచీ హారన్ మోగింది.

అప్పుడు ఆ వైపునుంచి వేడి కాఫీ వాసన వచ్చింది. యాలకులు వేసిన రొట్టె వాసన. మా పొయ్యి చల్లగా ఉంది.

తెడ్ల పడవ దేనికో తగిలిన చప్పుడు. తాడు విసిరిన చప్పుడు. ఆపైన ఒక ఆడగొంతు.

"బూట్లు విప్పి రా. ఇప్పుడే తుడిచాను."

అది నా గొంతు.

రూనార్ ఏదో అన్నాడు. ఎవరో పకపకా నవ్వారు. గున్నెల్ మళ్లీ మా పడవలోకొచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆమె వేళ్లు మంచుగడ్డల్లా ఉన్నాయి.

"అది నా నవ్వే..." అంది.

తలుపు మూసిన చప్పుడు. ఇంకేమీ లేదు.

గాలి వీచి మంచు విడిపోయాక అటు వైపు నీళ్లే ఉన్నాయి. తీర రక్షక దళం వచ్చింది, హెలికాప్టరు వచ్చింది. మనిషి దొరకలేదు, పడవ దొరకలేదు, కనీసం తెడ్డు ముక్కైనా దొరకలేదు. నాకు ఏడుపు రాలేదు. లోపల ఏదో మొద్దుబారింది, మత్తు దిగని పంటి చిగురులాగా. అన్నం తినేదాన్ని, తాళ్లు సర్దేదాన్ని, ఎవరైనా మాట్లాడితే తల ఊపేదాన్ని.

గున్నెల్ పడవ అమ్మేసింది. "నాతో వచ్చెయ్యి. నా ఇంట్లో గది ఉంది," అని బతిమాలింది.

"మంచు పడితే మూకుడు ఎవరు కొడతారు?" అన్నాను.

ఆమె ఒక్కతే వెళ్లిపోయింది. ఫోన్లు కొన్నాళ్లు వచ్చాయి, తర్వాత తగ్గాయి. తప్పు పట్టలేదు. మేమిద్దరం మాట్లాడుకుంటే ఆ నవ్వు మధ్యలోకి వచ్చి కూర్చునేది.

ఈ అక్టోబరులో మళ్లీ మంచు పడింది, పట్టపగలే. మూకుడు అందుకున్నాను. కొడుతూనే ఉన్నాను. భుజం నొప్పెట్టింది కానీ అది ఎవరి భుజమో అన్నట్టుంది. కాసేపటికి అటునుంచి గిన్నెలు కడుగుతున్న చప్పుడు వచ్చింది. కుర్చీ జరిపిన చప్పుడు. సంసారం జరుగుతున్న చప్పుడు.

"రూనార్!" అని అరిచాను. "నేనే, హిల్లెవిని! ఇటు రా!"

గిన్నెల మోత టక్కున ఆగింది.

రూనార్ గొంతు. చాలా దగ్గర్లో... నీళ్లకి ఆనుకుని.

"మళ్లీ అదే. పలక్కండి ఇద్దరూ. ఆ రోజు నన్నూ ఇలాగే పిలిచింది. కొంచెంలో తప్పించుకున్నాను."

నేను మూకుడు కింద పెట్టేశాను.

తర్వాత అటునుంచి నా గొంతే, వణికిపోతూ, రహస్యంగా అడిగింది.

"రూనార్... దానికి నా గొంతు ఎలా వచ్చింది?"