చింతలగుంట ఉక్కుబంతి

నతానియేలును చంపినవాళ్లు తొందరపడలేదు. ముందు కుడిచేతి వేళ్లు విరిచారు. తరువాత ఎడమచేతివి. చివరికి మెడ. ఆళ్లగడ్డ దారి పక్కన దుక్కిచేలో పడి ఉన్న ఆ రైల్వే ఫిట్టర్ శవాన్ని చూసి అందరూ దొంగల పనే అన్నారు. కాని విరిగిన వేళ్ల గోళ్లలో మైనం ఉంది.

మరునాడు నంద్యాలలో ఒక కిరసనాయిలు కొట్టు ముందు ఓ ఆడమనిషి మజ్జిగ కుండ దించింది.

"బనగానపల్లె మామిడి వచ్చిందా?"

"వచ్చింది. టెంకే మిగిలింది," అన్నాడు కొట్టతను.

కోడ్ కలిసింది. ఏజెంట్ పదకొండు, మహానందమ్మ, లోపలికి నడిచింది. కొట్టతని వేషంలో ఉన్న చీఫ్ లక్ష్మీనరసింహం తలుపు మూశాడు.

"నీ చింతలగుంట స్టేషన్లో బండ్లు ఎట్లా నడుస్తాయో చెప్పు."

నలభై రోజులుగా ఆమె ఆ స్టేషన్ కిటికీ కిందే మజ్జిగ అమ్ముతోంది. చెప్పింది. "ఒకటే లైను సార్. చింతలగుంటలో ఒక పెట్టె, అవతల ఎర్రకనుమలో ఒక పెట్టె. రెంటిలోనూ పేరు చెక్కిన ఉక్కుబంతులు ఉంటాయి. అవతలి మాస్టరు మీట నొక్కి ఒప్పుకుంటేనే ఇవతలి పెట్టె బంతిని విడుస్తుంది. ఒక బంతి బయటుంటే రెండోది యాడి నుంచీ రాదు. బంతి చేతికి రాకుండా ఏ డ్రైవరూ బండి కదిలించడు."

"పెట్టెతో పని లేకుండా ఇంకో బంతి దొరికితే?"

"ఒకే లైను మీద ఎదురెదురుగా రెండు బండ్లు సార్."

"జపాన్ గూఢచారుల ముఠా నకిలీది పోత పోసింది," అన్నాడు చీఫ్. "అసలుదాని మైనపు అచ్చు, పెట్టెలు బాగుచేసే నతానియేలు చేత తీయించారు. కుడిచేయి పోయాక ఒప్పుకుని ఉంటాడు. ఎడమచేత్తో అచ్చు తీసిచ్చాడు. ఆ తరువాత ఎడమచేయి ఊరికే విరిచారు. ముఠాలో మన మనిషి ఉంది. నాటకాల హీరోయిన్ కృష్ణకుమారి. రేపు సాయంత్రం నాలుగింటికి నంద్యాలలోనే బంతి చేతులు మారుతుందని కబురు తెచ్చింది. నలభై మందిని కాపలా పెడుతున్నాను."

"నేనేం చేయాల సార్?"

"మజ్జిగ అమ్ముకో."

మరునాడు చింతలగుంటలో పట్టాలు పెనంలా కాలుతున్నాయి. స్టేషన్ మాస్టరు చక్రపాణి మజ్జిగ తాగుతుంటే లోటా పళ్లకు తగిలి టకటకలాడింది. అహోబిలం అర్చకుల ఇంటి పిల్లవాడు. భార్య కమలవల్లి పసిబిడ్డతో ఆళ్లగడ్డలో పుట్టింటికి వెళ్లి ఆరు రోజులైందట. ఆరు రోజులుగా అతని పొయ్యి రాజలేదు.

"ఏందప్పా సామీ, చెయ్యి వణుకుతాండాదే?"

"ఎండ నందమ్మా."

"ఎండకు నీళ్లు తాగుతారు. ఏడుస్తారా ఎవురన్నా?"

అతను లోపలికి వెళ్లిపోయాడు.

రెండు గంటలకు పెట్టె మీద గంట మోగింది. ఎర్రకనుమ బంతి అడుగుతోంది. చక్రపాణి మీట నొక్కాడు. కాసేపటికి మళ్లీ గంట. ప్యాసింజరు అక్కడి నుంచి బయలుదేరింది. ఇక అది వచ్చి చేరేదాకా ఈ లైను దానిదే.

పది నిమిషాల్లో నంద్యాల వైపు నుంచి మిలిటరీ స్పెషల్ వచ్చి ఆగింది. పదహారు వ్యాగన్ల నిండా ఫిరంగి గుండ్లు. దాని వెనకే రోడ్డు మీద ఒక నల్ల కారు. కారులోంచి గులాబీ రంగు పట్టుచీర దిగింది.

కృష్ణకుమారి! ఈ వేళకు నంద్యాలలో చీఫ్ పక్కన ఉండాల్సిన మనిషి!

ఆమె మహానందమ్మ చేతి మజ్జిగ తాగి, ముఖం చూడకుండానే లోటా తిరిగిచ్చింది. మజ్జిగ అమ్మేదాని ముఖం ఎవరు చూస్తారు? తిన్నగా మాస్టరు గదిలోకి వెళ్లింది. కిటికీ కింద మహానందమ్మ చెవులు రిక్కించింది.

"నీ కమలవల్లి బిడ్డకు పాలిస్తోంది. చూసే వస్తున్నాను. ఈ స్పెషల్ కదిలితే సాయంత్రానికి నీ ఇంట్లో ఉంటుంది. కదలకపోతే మొదట బిడ్డ."

బల్ల మీద బరువైనదేదో పెట్టిన చప్పుడు.

"ప్యాసింజర్లో మూడువందల మంది ఉన్నారమ్మా!"

"వాళ్లలో నీవాళ్లెవరూ లేరు కదా."

చక్రపాణి గంట వైపు చూడకుండా బయటికి వచ్చాడు. బంతిని తోలుసంచిలో వేసి డ్రైవరుకు అందించాడు. డ్రైవరు బంతి తీసి, పేరు చదివి, తల ఊపాడు. దారి ఇస్తూ సిగ్నల్ వాలింది.

మహానందమ్మ కుండను నేలకేసి కొట్టింది. దాని అడుగున ఉన్న దొంగ అరలోంచి మూడు రేకు బిళ్లలు దొర్లాయి. పొగమంచులో డ్రైవర్లను ఆపడానికి పట్టాలకు తగిలించే టపాకాయలు. చక్రం ఎక్కితే పేలతాయి. పేలితే ఆగి తీరాలి.

ఆమె ఇంజను ముందుకు పరిగెత్తింది.

కృష్ణకుమారి అరచేతిలో ఇమిడే పిస్తోలు తీసింది. దానికి రెండే గుండ్లు. ఒకటి కంకరను లేపింది. రెండోది మహానందమ్మ భుజాన్ని చీల్చింది. ఒక బిళ్ల జారిపోయింది. కాలే పట్టా మీద మిగతా రెండూ బిగించి పక్కకు దొర్లింది.

ఢాం! ఢాం!

చక్రాలు కీచుమన్నాయి. స్పెషల్ ఆగింది. అప్పుడే మలుపులోంచి ప్యాసింజరు వచ్చింది. ఆ డ్రైవరు ఎదుట బండిని చూసి బ్రేకు వేసి కేకపెట్టాడు. రెండు ఇంజన్లూ ఇరవై గజాల దూరంలో ఆవిరి కక్కుతూ నిలబడ్డాయి.

పేలింది ఫిరంగి గుండ్లే అనుకుని నల్ల కారు యజమానురాలిని వదిలేసి పారిపోయింది.

స్పెషల్ డ్రైవరు ఊగిపోతూ వచ్చి బంతిని చక్రపాణి చేతిలో కుక్కాడు. "బంతి నాకిచ్చి వాణ్ణెట్లా రానిస్తివి? చంపుదామనుకున్యావా?"

చక్రపాణి వినడం లేదు. ప్యాసింజరు దిగిన జనంలోంచి ఒకామె బిడ్డను చంకనేసుకుని వస్తోంది.

"ఏమండీ, అంత చిక్కిపోయినారేంది?" అంది కమలవల్లి. "ఈ పట్టుచీర అక్కే పొద్దున మమ్మల్ని కారులో ఎర్రకనుమకు తెచ్చి బండెక్కించింది. తప్పకుండా ఈ బండే ఎక్కమని మీరు చెప్పినారంట కదా!"

చక్రపాణి భార్యను చూశాడు. బిడ్డను చూశాడు. ఖాళీ పిస్తోలుతో వెనక్కి నడుస్తున్న కృష్ణకుమారిని చూశాడు. బంతి పట్టుకున్న అతని చేయి పైకి లేచింది.

ఆపడానికి మహానందమ్మకు క్షణం దొరికింది. ఆమెకు నతానియేలు ఎడమచేయి గుర్తొచ్చింది. ఆపలేదు.

ఒక్క దెబ్బ. కృష్ణకుమారి నుదురు లోపలికి పోయింది.

సాయంత్రం చీఫ్ వచ్చేసరికి చక్రపాణి చేతులకు సంకెళ్లు పడ్డాయి. కమలవల్లి అతని నోటికి పెరుగన్నం ముద్దలు పెడుతోంది. "ఎప్పుడు వదులుతారక్కా?" అని మహానందమ్మను అడిగింది. ఉరిశిక్ష అని మహానందమ్మ చెప్పలేదు. "ముందు తిననీ తల్లీ," అంది.

"ఆ మనిషి బతికుంటే ముఠా మొత్తం దొరికేది," అన్నాడు చీఫ్ విసుగ్గా. "పొద్దుట్నుంచి నలభై మందిమి నంద్యాలలో ఈగలు తోలుకున్నాం. ఏదీ, ఆ బంతి ఇటివ్వు."

ఆమె కట్టు లేని చేత్తో గుడ్డమూట అందించింది. చీఫ్ విప్పి, అటూ ఇటూ తిప్పి, అంటుకున్న వెంట్రుకలు దులిపాడు.

"అసలుదానికీ దీనికీ తేడానే లేదే! నిజంగా నకిలీదేనా?"

"నకిలీదే సార్," అంది మహానందమ్మ. "బరువులో మాత్రం మోసం చేయలేదు."